కొక్కేనికి వేలాడే మగ్గు

లిండెన్‌రోయిత్, జర్మనీ
సెప్టెంబరు ఆఖరు

మక్వల అత్తకి,

చేరాను. బస్సులో నడుము విరిగింది గాని చేరాను. డ్రైవరు షోతా మంచివాడు. ఈ ఉత్తరం కూడా అతని చేతికే ఇస్తున్నాను. మన జార్జియా పోస్టాఫీసును నమ్ముకుంటే దీన్ని నా మనవరాలు చదువుకోవాలి.

ఊరు చిన్నది. మా ఇంటావిడ పేరు హెడ్విగ్. పొద్దున ఆవిడ పిల్లలిద్దరినీ చూసుకోవాలి, మధ్యాహ్నం పక్క పట్నంలో భాషా తరగతికి వెళ్ళాలి. ఆవిడ తండ్రి కోన్రాడ్ కింది వాటాలో ఉంటాడు. ఆయన మాట్లాడడు, గొంతు సవరించుకుంటాడు. ఆ సవరింపును బట్టి ఉప్పు కావాలో తలుపు వెయ్యాలో ఇంట్లో అందరికీ తెలిసిపోతుంది, నాకు తప్ప.

అందరూ మంచివాళ్ళే. తిండి బాగుంది. గది వెచ్చగా ఉంది. నువ్వు అడిగేవన్నీ ముందే చెప్పేశాను, చూశావా. హెడ్విగ్ నా దిండు గలేబు రెండుసార్లు మార్చింది. ఏడుపు కాదు, జలుబు.

భాష మాత్రం కొరకరాని కొయ్యగా ఉంది. తరగతిలో టీచరమ్మ ఒక్కొక్కరినీ నిలబెట్టి ఇంటివాళ్ళ గురించి చెప్పిస్తుంది. "నాకు ఒక అన్న ఉన్నాడు. అతని పేరు గెలా. అతను కొండల్లో గొర్రెలు కాస్తాడు." ఈ మూడు ముక్కలూ నిద్రలో లేపి అడిగినా చెప్తాను. నాలుగోది రాదు. మొన్న కొట్లో రొట్టె అడగబోయి, మాట గుర్తురాక, "నాకు ఒక అన్న ఉన్నాడు" అన్నాను. కొట్టావిడ పాపం నవ్వలేదు, రెండు రొట్టెలిచ్చింది.

వచ్చే నెల ఇక్కడ కిర్వా. చర్చి పండగ అని పేరే గాని అంతా బీరు పండగే. ఊరందరికీ కలిపి బీరు కాచే ఇల్లు ఒకటుంది, వంతులవారీగా కాచుకుంటారు. ఎవరింట బీరు సిద్ధమైతే వాళ్ళు గుమ్మానికి నక్షత్రం వేలాడదీస్తారు. ఇక ఊరంతా ఆ ఇంటి మీద పడుతుంది. ఈసారి పండగ వంతు మా ఇంటిదే. జురాబ్ మామయ్యకి తెలిస్తే గుండె ఆగుతుంది. వైన్ పీపాల మధ్య పెంచిన పిల్ల బీరు ఊళ్ళో తేలిందని నలుగురికీ చెప్పుకుని ఏడుస్తాడు.

అమ్మానాన్నా పోయాక నన్ను మామయ్య, అన్నను నువ్వు తీసుకెళ్ళి మమ్మల్ని చెరో దిక్కునా పెంచారు. అయినా నాకు వాడొక్కడే. మంచు పడకముందే మందను దించమని చెప్పు. నా మాట లెక్కచెయ్యడు, నీ తిట్లకైనా భయపడతాడు.

నీ ఖాతూనా


ఆల్వాని, జార్జియా
అక్టోబరు నడిమి

ఖాతూనా తల్లీ,

జలుబట, జలుబు! నీ జలుబు సంగతి నాకు తెలీదూ? చిన్నప్పుడు బొమ్మ పోయినా నీకు జలుబే చేసేది. ఏడిస్తే ఏడువు గాని దిండు తడి మీద పడుకోకు, మెడ పట్టేస్తుంది.

ఆ ముసలాయన సంగతి రాశావు, మాట్లాడడని. మాట్లాడని మగవాడు దొరకడం అదృష్టం. మన ఊళ్ళో ఒక్కడూ లేడు.

గెలా బాగానే ఉన్నాడు. మంద దారిలో ఉంది. ఇవాళో రేపో దిగుతుంది. నువ్వు దాని గురించి ఆలోచించకు. చదువు మీద ధ్యాస పెట్టు. దాని గురించి అస్సలు ఆలోచించకు.

ఇక్కడ వానలు. కొండల మీద మబ్బుంది. మబ్బు ప్రతి ఏడూ ఉండేదే. ముసలి ఇమేదా వచ్చి చాలాసేపు కూర్చున్నాడు. నీకు దీవెనలు చెప్పమన్నాడు.

అక్కడి చర్చిలో ఒక కొవ్వొత్తి వెలిగించు. ఊరికేనే. ఏం లేదు.

మీ అత్త


లిండెన్‌రోయిత్
అక్టోబరు ఆఖరు

అత్తా,

నేనొక ఘోరం చేశాను. ఎవరితో చెప్పుకోవాలో తెలియడం లేదు. ఈ ఊళ్ళో చెప్పుకుందామన్నా నా దగ్గర మాటలు లేవు.

నిన్న కిర్వా. పొద్దుటే కుర్రాళ్ళు చర్చి ముందు దేవదారు స్తంభం నిలబెట్టారు. మా పెరట్లో బల్లలు వేశారు, గుమ్మానికి నక్షత్రం కట్టారు, బాకాలు ఊదేవాళ్ళు వచ్చారు. హెడ్విగ్ నూనె మూకుడు దగ్గర నుంచి కదల్లేదు. నేను వేయించిన పిండివంటలు మోస్తూ తిరుగుతున్నాను. కోన్రాడ్, ఆయన ఈడు వాళ్ళు ఎప్పుడూ కూర్చునే బల్ల దగ్గరికి వెళ్ళినప్పుడు ఆయన గొంతు సవరించుకున్నాడు. నేను ఉప్పు ఇవ్వబోయాను. ఆయన మాట్లాడాడు.

"ఇంటి దగ్గర నీకు ఎవరున్నారు, పిల్లా?"

ప్రశ్న నాకు అర్థమైంది అత్తా! ఈ దేశం వచ్చాక నన్నడిగిన ప్రశ్న పూర్తిగా అర్థం కావడం అదే మొదలు. పళ్ళెం పట్టుకునే నిటారుగా నిలబడి నా మూడు ముక్కలూ అప్పజెప్పాను. బల్ల మీదున్న ముసలాళ్ళంతా చప్పట్లు కొట్టారు. కోన్రాడ్ మాత్రం కొట్టలేదు. లేచి లోపలికి వెళ్ళి, బూడిదరంగు పాత మట్టి మగ్గు ఒకటి తెచ్చాడు, తగరపు మూతది. దాన్ని బీరుతో నింపించి పైకెత్తాడు. అందరూ లేచారు.

"గెలా కోసం! కొండ దిగి క్షేమంగా ఇంటికి రావాలి!"

పళ్ళెం బల్ల మీద పడేశాను. మామయ్య నాకు చిన్నప్పటి నుంచి నూరిపోసింది ఒకటే. దీవెనకి వైన్ ఎత్తాలి, బీరు ఎత్తకూడదు. బీరుతో పేరెత్తేది శత్రువుకి. పైకి ఏ మంచి మాట అన్నా, అది తిరగబడి చెడే జరుగుతుంది. మా విందుల్లో ఎవరైనా బీరు పట్టుకుని పేరు తలిస్తే మామయ్య నోరు మూసేవాడు. ఇక్కడ పెరటినిండా మనుషులు మా అన్న పేరు బీరుతో ఎత్తుతున్నారు!

వద్దని ఎలా చెప్పను? ఆ మాటలు నాకు రావు. చెయ్యి విసిరాను. మగ్గు కోన్రాడ్ చేతిలోంచి ఎగిరి రాళ్ళ మీద పడి ముక్కలైంది. బీరంతా ఆయన పండగ కోటు మీదా, నేల మీదా. బాకాలు ఆగిపోయాయి. "నాకు ఒక అన్న ఉన్నాడు, నాకు ఒక అన్న ఉన్నాడు" అని ఏడుస్తూ అదే అన్నాను. ఇంకేం రాలేదు.

హెడ్విగ్ పరుగున వచ్చింది. "నీకేమైనా పిచ్చి పట్టిందా? మా నాన్న మీద చెయ్యెత్తుతావా?" అంది. అది కూడా అర్థమైంది. కోన్రాడ్ మోకాళ్ళ మీద కూర్చుని ముక్కలన్నీ తానే ఏరుకున్నాడు. సాయం చెయ్యబోయిన వాళ్ళని తోసేశాడు. లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

హెడ్విగ్ ఈ పొద్దున నెమ్మదిగానే చెప్పింది, వేరే ఇల్లు చూసుకోమని. ఇల్లు పోతే పోనీ. కొందరు అప్పటికే తాగేశారత్తా. నేను ఆపలేకపోయాను. అన్న దిగాడని రాయి. ఒక్క ముక్క చాలు, దిగాడు అని రాయి.

ఇది మడవబోతుంటే నీ ఉత్తరం వచ్చింది. చదివాను. మళ్ళీ చదివాను. ఇమేదా వచ్చి కూర్చున్నాడంటావేమిటి? ఇమేదా మందతో ఉండాలి కదా. ఏ ఏడైనా ఆయన గెలాను వదిలి దిగాడా? అత్తా, ఇమేదా ఒక్కడే ఎలా వచ్చాడు?

ఖాతూనా


ఆల్వాని
నవంబరు

తల్లీ,

అబద్ధం ఆడటం చేతకాని దానికి ఉత్తరాలు రాయడమెందుకు! ఇమేదా పేరు రాసి కూడా చూసుకోలేదు.

నిజం ఇది. కనుమ మీద మంచు ముందే పడింది. ఇమేదా సగం మందతో దిగాడు. వెనకబడ్డ గొర్రెల కోసం గెలా తిరిగి పైకి వెళ్ళాడట. "వద్దురా, గొర్రె పోతే గొర్రె వస్తుంది" అని ఇమేదా అరిచాడట. వాడు విన్నాడా? మీ నాన్న పోలిక. ఆ వెంటనే తుపాను. అంతే, మళ్ళీ కనబడలేదు. మన మగవాళ్ళు గుర్రాల మీద రెండుసార్లు బయల్దేరారు. గుర్రాల రొమ్ముల దాకా మంచు, వెనక్కి వచ్చేశారు. సరిహద్దు సైనికుల హెలికాప్టరు కోసం వెళ్ళి వాళ్ళ కాళ్ళావేళ్ళా పడ్డాను. చమురు లేదన్నారు. ఇక వేసవి దాకా దారి తెరవరు.

నీకు చెప్పకుండా ఉంటే అక్కడైనా ఒక మనిషి స్థిమితంగా ఉంటుంది కదా అనుకున్నాను.

ఇక బీరు సంగతి. ఆ జురాబ్ గాడి నోట్లో మన్ను పడ! వైన్ తొట్టిలో పుట్టినవాడికి కొండ సంగతి ఏం తెలుసు? అది మైదానం వాళ్ళ మాట. నువ్వు మన తూష్ కొండజాతి వాడి కూతురివి. మన కొండ మీద వేసవి పండక్కి గుడి దగ్గర రాగి గంగాళాల్లో బార్లీ బీరు కాస్తారు. మొదటి గిన్నె దేవుడికి. రెండోది దారిలో ఉన్నవాళ్ళకి. ఆ గిన్నె ఎత్తి పేరు చెప్పాక చుక్క మిగలకుండా తాగాలి, అప్పుడే దారిలో ఉన్నవాడు ఇల్లు చేరతాడు. ఆ ముసలాయన చేసింది అచ్చం అదే. ఎవరో పరాయి దేశపు మనిషి, నేర్పకుండానే చేశాడు. నువ్వు దాన్ని నేలపాలు చేశావు.

నేల మీద బీరు పోసేది ఎవరి కోసమో తెలుసా? పోయినవాళ్ళ కోసం.

ఈ మాట రాయకూడదు. కొట్టేద్దామనుకున్నాను. కాని నా గుండెలో రాయిలా కూర్చుంది, ఎక్కడ దించను? గుడి గోడ దాటి లోపలికి వెళ్ళే హక్కు మా ఆడవాళ్ళకి లేదు. గిన్నె ఎత్తి పేరు పలికే హక్కూ లేదు. దూరంగా కూర్చుని మిగిలింది తాగుతాం. నువ్వున్న చోట ఆ అడ్డు లేదు. వెళ్ళు. ఆ పెద్దాయన కాళ్ళు పట్టుకో. మళ్ళీ ఎత్తమని అడుగు. ఒక్క చుక్క కింద పడనివ్వకు.

మీ అత్త


లిండెన్‌రోయిత్
డిసెంబరు

అత్తా,

నీ ఉత్తరం వచ్చిన రోజు ఏం చేశానో నాకు గుర్తు లేదు. పిల్లలకి అన్నం తినిపించానని హెడ్విగ్ అంది. తినిపించే ఉంటాను.

రెండు వారాలు కోన్రాడ్ తలుపు ముందు నిలబడ్డాను. ఆయన బయటికి వచ్చేవాడు, నన్ను చుట్టి వెళ్ళిపోయేవాడు. ఈలోగా మాటలు కూడబెట్టాను. తరగతిలో మిగతావాళ్ళు రైలు టికెట్ కొనడం నేర్చుకుంటుంటే నేను టీచరమ్మను పట్టుకుని "శాపం" అనడానికి ఏమంటారు, "క్షమించు" అనడానికి ఏమంటారు, "మంచులో తప్పిపోయాడు" ఎలా చెప్పాలి అని అడిగాను. ఆవిడ పుస్తకం మూసేసి నా పక్కన కూర్చుంది.

నిన్న సాయంత్రం కోన్రాడ్ నన్ను చుట్టి వెళ్ళలేదు.

"ఏంటి?" అన్నాడు.

అంతా చెప్పాను. తప్పులతో, చేతులతో చెప్పాను. మామయ్య చెప్పింది, నువ్వు రాసింది, కనుమ, ఇమేదా, అన్నీ. చివరికి "మళ్ళీ ఎత్తండి" అన్నాను.

"కూర్చో," అన్నాడు. జేబులోంచి ఆ తగరపు మూత తీసి బల్ల మీద పెట్టాడు. దాని మీద పేరు చెక్కి ఉంది. అలోయిస్ అని.

"మా అన్నది ఆ మగ్గు. నాకంటే పదేళ్ళు పెద్ద. యుద్ధంలో రష్యాకి పంపారు. చలికాలంలో ఒక కార్డు ముక్క రాశాడు, కిర్వాకి నా మగ్గు తీసి తుడిచిపెట్టండి అని. అంతే. పోయాడని ఎవరూ చెప్పలేదు, ఉన్నాడనీ చెప్పలేదు. మా అమ్మ బతికున్నన్నాళ్ళూ ప్రతి కిర్వాకీ దాన్ని తుడిచి కొక్కేనికి తగిలించేది. ఎవర్నీ ముట్టనిచ్చేది కాదు. 'వాడొచ్చి తాగుతాడు, మీ చేతులు పెట్టకండి' అనేది. అమ్మ పోయాక నేను తుడిచాను."

"మరి ఆ రోజెందుకు తీశారు?"

చాలాసేపు గొంతు సవరించుకున్నాడు. "నువ్వు పళ్ళెం పట్టుకుని నిలబడి చెప్పావు చూడు, నాకు ఒక అన్న ఉన్నాడు అని. నేను బళ్ళో అలాగే చెప్పేవాణ్ణి. ఒక్కసారైనా ఆ మగ్గుతో ఎవడో ఒకడు ఇంటికి రావాలని తాగుదామనిపించింది."

అత్తా, నేను పగలగొట్టింది అది.

ఆయన కాళ్ళ దగ్గర కూలబడ్డాను. లేపాడు. కాని ఎత్తమంటే ఎత్తనన్నాడు. "నా నోట్లోంచి వచ్చిన పేరు ఏదీ ఇల్లు చేరలేదు పిల్లా. ఒకసారి సరదాపడ్డాను, చూశావుగా. ఇంక ఎత్తను." తర్వాత వంటింట్లోంచి కొత్త మగ్గు ఒకటి తెచ్చి, ఆ ఖాళీ కొక్కేనికి తగిలించాడు. "ఇది మీ అన్నది. వాడొచ్చి తాగేదాకా ఇంట్లో ఎవరూ ముట్టకూడదు, విన్నారా?" అని హెడ్విగ్‌కి కూడా వినబడేలా అరిచాడు.

హెడ్విగ్ వేరే ఇంటి మాట మళ్ళీ ఎత్తలేదు. రోజూ పొద్దున నేను ఆ మగ్గు తుడుస్తున్నాను. అంతకంటే నా చేతుల్లో ఏమీ లేదు.

ఖాతూనా


ఆల్వాని
ఫిబ్రవరి

ఖాతూనా,

కరెంటు లేదు, కిరసనాయిలు దీపం కింద రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే క్షమించు.

ఏ వార్తా లేదు. దిగిన సగం మందలో కూడా చాలా చచ్చాయి. పోనీ. గొర్రెల కోసం నాకు ఏడుపు రావడం లేదు.

ఊరివాళ్ళు రోజూ వస్తున్నారు. మొదట్లో "వస్తాడులే మక్వలా" అనేవాళ్ళు. ఇప్పుడు వేరేగా మాట్లాడుతున్నారు. "వాడి ఆత్మ దారిలో నిలబడిపోతుంది, కర్మ చెయ్యకపోతే పాపం" అంటున్నారు. ఇమేదా నా ఎదురుగా కూర్చుని ఏడ్చాడు. "నేను చూశానమ్మా ఆ తుపాను. అందులో మనిషి బతకడు. నన్ను వాడికి గిన్నె పొయ్యనీ, నాకు నిద్ర పట్టడం లేదు" అన్నాడు. మగవాళ్ళు బీరు కాయడానికి బార్లీ నానబెట్టేశారు. నన్ను అడగకుండానే.

నేనేం చెప్పను? వాణ్ణి నేను కనలేదు గాని పెంచాను. తలుపు చప్పుడైతే ఇప్పటికీ లేస్తున్నాను. లేచి లేచి అలిసిపోయానమ్మా. బతికున్నాడని అనుకుంటే ఆ చలి నా ఎముకల్లో దూరుతోంది. పోయాడనుకుంటే కాసేపు నిద్ర పడుతోంది. పొద్దున లేచి నన్ను నేనే తిట్టుకుంటున్నాను.

వాడి తోబుట్టువువి నువ్వొక్కదానివే. సరే అంటే పోయిస్తాను. వద్దంటే ఎలాగో ఆపుతాను. త్వరగా రాయి.

అత్త


లిండెన్‌రోయిత్
మార్చి మొదలు

అత్తా,

వద్దు. పోయించకు.

షోతా బస్సు ఇంకాసేపట్లో బయల్దేరుతుంది, అందుకే గబగబా రాస్తున్నాను. నీ ఉత్తరం చదివి నాకూ సరే అనెయ్యాలనిపించింది, నిజం. నేనూ అలిసిపోయాను. తరగతిలో ఇప్పుడు "నాకు ఒక అన్న ఉన్నాడు" అనాలో "ఉండేవాడు" అనాలో తెలియక ఆ మాటే మానేశాను. కింద కోన్రాడ్ దగ్గరికి వెళ్ళి, మీరైతే ఏం చేసేవారు అని అడిగాను. ఆయన నా మీద కేకలేశాడు. జన్మలో అంత మాట్లాడి ఉండడు.

"మా అమ్మా నేనూ యాభై ఏళ్ళు తుడిచాం, నువ్వు ఒక్క చలికాలం తుడవలేవా? మీ దారి వేసవికి తెరుస్తారు. నాకెవరూ దారి తెరవలేదు. శవం చూడందే మట్టి వెయ్యకండి! మీ అత్తకి రాయి, నేనన్నానని రాయి."

రాశాను. మిగతాది నా మాట. నేను తెలియక ఒకసారి వాడి గిన్నె నేల మీద పోశాను. నువ్వు తెలిసి పొయ్యకు.

ఖాతూనా


ఆల్వాని
జూన్

తల్లీ, నా తల్లీ,

కూర్చున్నావా? కూర్చో.

బతికే ఉన్నాడు.

మళ్ళీ రాస్తాను. బతికే ఉన్నాడు. పక్క గదిలో గురకపెడుతున్నాడు. ఆ గురకకి గోడలు అదురుతున్నాయి, నేను గుమ్మంలో కూర్చుని వింటూ రాస్తున్నాను.

కనుమ మూసుకుపోగానే వాడు ముందుకి రాకుండా వెనక్కి తిరిగాడట. మిగిలిన గొర్రెల మధ్య పడుకుంటూ కనుమ అవతలి మన వేసవి ఊరికి దిగాడు. అక్కడ చలికాలంలో కూడా ఒక ముసలి జంట ఉండిపోతుంది, అందరూ వాళ్ళని పిచ్చివాళ్ళంటారు. ఆ పిచ్చివాళ్ళే కాపాడారు. ఫోను లేదు, రేడియో లేదు, కబురు పంపే దారి లేదు. గొర్రెలన్నీ తినేశారట. తిననీ. కాళ్ళకి మంచు కరిచింది, కుంటుతున్నాడు. దారి తెరిచిన రోజే మొదటి గుర్రం మీద దిగాడు. వాకిట్లో నిలబడి "అత్తా, తినడానికేముంది?" అన్నాడు. చీపురు తిరగేసి కొట్టాను. తర్వాత పట్టుకుని ఏడ్చాను.

ఇంకో సంగతి చెప్పాలి. నీ ఉత్తరం వచ్చేసరికి బల్లలు వేసేశారు, గంగాళం దించేశారు. ఇంత ఊరిని ఎలా ఆపను? ఉత్తరం రొంటిన దోపుకుని వెళ్ళి ఆడవాళ్ళలో కూర్చున్నాను. ఇమేదా గిన్నె ఎత్తాడు, నేల మీదికి వంచబోయాడు. నాకేం పూనిందో తెలియదు. మగవాళ్ళ వరస దాటి వెళ్ళి గిన్నె లాక్కున్నాను. "గెలా కోసం! కొండ దిగి ఇంటికి రావాలి!" అని అరిచి గటగటా తాగేశాను. మీ ముసలాయన మాటే, నాకు వేరే మాట తోచలేదు. చుక్క మిగల్చలేదు. మతి పోయిందన్నారు, అపచారమన్నారు, పూజారి నెల రోజులు నాతో మాట్లాడలేదు. ఇమేదా మాత్రం "మీ ఇంటి ఆడాళ్ళకి గిన్నెలు లాక్కునే జబ్బేదో ఉంది" అన్నాడు.

ఇప్పుడు అదే పూజారి రోజూ వచ్చి గెలా కాళ్ళకి మందు రాస్తున్నాడు.

కింద వాడి చేతిరాత. పట్టుబట్టి రాయించాను.

మీ అత్త

చెల్లీ, కాలివేళ్ళు రెండు కొండకి ఇచ్చాను. మిగతావి ఉన్నాయి. నాకు మగ్గు పెట్టారట కదా, కడిగి ఉంచు. గెలా.


లిండెన్‌రోయిత్
జూన్ ఆఖరు

అత్తకీ, పక్కనే ఉన్న గెలాకీ,

ఉత్తరం మెట్ల మీద చదివాను. తర్వాత ఎంత గట్టిగా అరిచానంటే హెడ్విగ్ పిల్లల్ని ఎత్తుకుని బయటికి పరిగెత్తింది, ఇల్లు అంటుకుందనుకుని. "దిగాడు! దిగాడు!" అని మన భాషలోనే అరుస్తున్నాను. కోన్రాడ్ తలుపు తీసుకుని వచ్చాడు. ఆయనకి మన మాట ఒక్కటీ రాదు. నా మొహం చూశాడు, తిన్నగా గోడ దగ్గరికి వెళ్ళి కొక్కెం నుంచి మగ్గు దించాడు.

మా ఇంట బీరు లేదు. ఎదురింటి వాళ్ళ గుమ్మానికి నక్షత్రం ఉంది. ఆయన మగ్గు పట్టుకుని చెప్పులు కూడా లేకుండా వీధి దాటి నింపుకొచ్చాడు. ఆయన బల్ల ముసలాళ్ళంతా నిండు మగ్గులతో వెనకాలే వచ్చి, ఆయనకీ ఒకటిచ్చారు. ఉత్తరంలో ఉన్నదంతా వాళ్ళకి చెప్పాను.

"వాడొచ్చి తాగేదాకా ముట్టకూడదన్నారు కదా," అన్నాను.

"వాడు కుంటివాడైపోయాడుగా, ఇంత దూరం ఎక్కడొస్తాడు? నువ్వు తాగు."

ఎత్తాను. నేనే ఎత్తాను అత్తా. అందరి కళ్ళలోకీ చూసి, మగ్గుకి మగ్గు తాకించి, అన్న పేరు చెప్పి తాగాను. చేదు. చుక్క వదల్లేదు.

వాళ్ళు కేరింతలు కొడుతుంటే కోన్రాడ్ నా చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్ళాడు, కిర్వా రోజు మగ్గు పగిలిన చోటికి. అక్కడ నిలబడి గొంతు సవరించుకున్నాడు. ఈసారి నాకు అర్థమైంది గాని, ఆయన నోటితోనే అననీ అని ఊరుకున్నాను.

"మీ కొండ మీద పోయినవాళ్ళకి ఎలా చేస్తారన్నావు?"

"మగ్గులు తాకించకూడదు. పేరు చెప్పి నేల మీద పొయ్యాలి."

జేబులోంచి ఆ తగరపు మూత తీశాడు. నా మగ్గు అడుగున ఏమీ లేదు. ఆయన మగ్గులోంచి మూతలోకి వంచుకున్నాడు. సగం వేళ్ళ మీదే ఒలికింది. యాభై ఏళ్ళు ఎదురుచూసిన మనిషి, గెలాకి మట్టి వెయ్యొద్దని కేకలేసిన మనిషి, మూత పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"ఒక్కడు వచ్చాడు," అన్నాడు. "చాలు. ఇంక వీణ్ణి పడుకోనిద్దాం."

తర్వాత పేరు చెప్పాడు. బళ్ళో పిల్లవాడు అప్పజెప్పినట్టు చెప్పాడు. "నాకు ఒక అన్న ఉండేవాడు. అతని పేరు అలోయిస్." నేల మీద పోశాడు. రాళ్ళ సందుల్లోకి బీరు ఇంకిపోయేదాకా ఇద్దరం అక్కడే నిలబడ్డాం.

ఈ పొద్దున చూస్తే గోడ మీది కొక్కేన్ని ఆయనే పీకేశాడు. ఆ మగ్గు కడిగి వంటింట్లో మిగతా మగ్గుల మధ్య పెట్టాడు. ఇప్పుడు ఎవరు పడితే వాళ్ళు తాగుతున్నారు.

మీ ఖాతూనా